మేపుల్ దుంగకు ఏ వైపు నుంచి రంపం పెట్టాలి?

ఒకే మేపుల్ దుంగలోంచి వచ్చిన రెండు పలకలను పక్కపక్కన పెడితే, ఒకదాని మీద పులి చారలు మెరుస్తుంటాయి, రెండోది ఏ విశేషమూ లేని తెల్లటి చెక్కగా మిగిలిపోతుంది. చెట్టు ఒకటే, నార ఒకటే, ఆరబెట్టిన తీరూ ఒకటే. తేడా అంతా రంపం నడిచిన కోణంలో ఉంది. చారల మేపుల్ కావాలంటే దుంగను క్వార్టర్ కోత కోయాలన్నది కోత మిల్లుల్లో బాగా పాతుకుపోయిన సూత్రం. అది సగమే నిజం. ఒక రకం దుంగకు ఆ కోత అందం తెస్తే, ఇంకో రకం దుంగలోని అందాన్ని పూర్తిగా పోగొడుతుంది. సూత్రం చెల్లే చోట కూడా మరీ పట్టుదలకు పోతే చెక్క వృథా కావడమే తప్ప చారలు పెద్దగా పెరగవు.

ముందు కోతల సంగతి. పలక చివర చూసినప్పుడు వార్షిక వలయాలు పలక ముఖానికి దాదాపు నిటారుగా నిలబడి ఉంటే అది క్వార్టర్ కోత. వలయాలు ముఖానికి సమాంతరంగా పడుకుని ఉంటే ఫ్లాట్ కోత. ఈ రెండింటికీ నడుమ ఏటవాలుగా ఉంటే రిఫ్ట్ కోత. దుంగను ఒక వైపు నుంచి వరసగా పలకలు కోసుకుంటూ పోతే మొదటివీ చివరివీ ఫ్లాట్ పలకలు అవుతాయి, సరిగ్గా నడిమి నుంచి వచ్చే కొద్దిపాటివి క్వార్టర్ పలకలు, ఆ రెండింటికీ మధ్య వచ్చేవి రిఫ్ట్ పలకలు. అంటే ఏ ప్రయత్నమూ లేకుండానే ప్రతి దుంగా మూడు రకాల పలకలనూ ఇస్తుంది. ఏ రకం ఎక్కువ రావాలన్నదే కోసేవాడు తేల్చుకోవలసిన విషయం.

చారలు ఎక్కడి నుంచి వస్తాయి? మేపుల్ చారల్లో రంగు పాత్ర చాలా తక్కువ. చెక్కలోని నార చెట్టు పొడవునా తిన్నగా సాగక అలలు అలలుగా వంపులు తిరిగితే, పలక ముఖం ఆ అలలను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఒక చోట నార ముఖంలోంచి పైకి లేస్తున్నట్టు, ఆ పక్కనే లోపలికి దిగుతున్నట్టు ఉంటుంది. పక్కవాటుగా పడుకున్న నార వెలుతురును తిప్పికొడుతుంది, కొసలు పైకి తేలిన నార దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మొదటిది లేత చార, రెండోది ముదురు చార. పలకను అటు ఇటు తిప్పితే లేత చార ముదురుగా, ముదురు చార లేతగా మారిపోతుంది. రంగు పూసిన చార అలా మారదు కనుక అసలు చారను పట్టుకోవడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. రంగు ద్రావణం అద్దితే తేలిన కొసలు దాన్ని ఎక్కువగా పీల్చుకుని చార మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వయొలిన్, గిటారు తయారీదారులు ఆధారపడేది ఈ గుణం మీదే.

కాబట్టి అలలు ఉండటం ఒక్కటే చాలదు. అవి పలక ముఖంలోకి దిగుతూ, లేస్తూ ఉండాలి. అల ఊగే దిశ పలక ముఖానికి సమాంతరంగా ఉంటే ముఖం మీద వంకర గీతలు కనిపిస్తాయేమో గానీ మెరుపు పుట్టదు. కోత లెక్క మొత్తం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

కర్లీ మేపుల్, టైగర్ మేపుల్, ఫ్లేమ్ మేపుల్, ఫిడిల్‌బ్యాక్ అనే పేర్లన్నీ దాదాపు ఒకే రకం అలకు చెందినవి. ఈ రకంలో నార వలయం వెంబడి పక్కకు, అంటే స్పర్శరేఖ దిశలో ఊగుతుంది. ఇలాంటి దుంగలోంచి ఒక ముక్కను నడిమి నుంచి బెరడు వైపుగా గొడ్డలితో చీలిస్తే, చీలిన ముఖం కప్పుల మీద వేసే అలల రేకులా గట్లు గట్లుగా బయటపడుతుంది. చీలిక నారను అనుసరించే పోతుంది గనుక అల ఎటు ఊగుతోందో ఆ ముఖం చెప్పేస్తుంది. రంపం కూడా ఆ ముఖం వెంబడే నడవాలి. నడిమి నుంచి బెరడుకు పోయే ఆ తలాన్నే క్వార్టర్ కోత తెరుస్తుంది. సూత్రం పుట్టింది ఇక్కడే, ఈ రకం దుంగకు అది సరైనదే.

క్విల్టెడ్ మేపుల్ సంగతి వేరు. ఇందులో ఉబ్బులు నడిమి నుంచి బెరడు వైపు పొంగుతాయి. బొంత మీద బుడిపెల్లా కనిపించే ఆ ఉబ్బులు ఫ్లాట్ కోతలో, వలయాలకు సమాంతరమైన ముఖం మీద విచ్చుకుంటాయి. దాన్నే క్వార్టర్ కోత కోస్తే బుడిపెలు మాయమై మామూలు చెక్క మిగులుతుంది, మహా అయితే నీరసమైన చారలు వస్తాయి. క్విల్ట్‌కు పేరుపడ్డది ఉత్తర అమెరికా పసిఫిక్ తీరాన పెరిగే బిగ్‌లీఫ్ మేపుల్. అది మెత్తటి రకం. గట్టి రకమైన షుగర్ మేపుల్‌లో అరుదుగా కనిపించే బర్డ్స్ ఐ, అంటే పక్షి కళ్ల వంటి చిన్న చిన్న చుక్కలు, మిషిగన్ రాష్ట్రపు ఎగువ ద్వీపకల్పం వంటి గ్రేట్ లేక్స్ ప్రాంతపు అడవులకు ప్రసిద్ధి తెచ్చాయి. అక్కడ వలయాలు చిన్న చిన్న గుంటలు పడుతూ పెరుగుతాయి. ఆ గుంటలను ఎదురుగా కోస్తేనే కన్ను గుండ్రంగా కనిపిస్తుంది. కాబట్టి దానికీ ఫ్లాట్ కోతే, వెనీర్ (పైన అతికించే పలుచటి చెక్క పొర) అయితే దుంగను గుండ్రంగా తిప్పుతూ పొర ఒలిచే రోటరీ కోత. క్వార్టర్ కోతలో పక్షి కన్ను చిన్న గీతగా సాగిపోతుంది.

చిక్కల్లా బిగ్‌లీఫ్ మేపుల్ దుంగ ఒక్కటే కర్ల్‌నూ క్విల్ట్‌నూ కూడా మోయగలగడం. అందుకే పేరు చూసి కోత నిర్ణయించడం కంటే దుంగ కొసలోంచి జానెడు పొడవున్న ముక్కను తీసి రెండు విధాలుగా చీల్చి చూడటం మేలు. ఒక చీలిక నడిమి మీదుగా, ఇంకోటి వలయాలకు సమాంతరంగా. ఏ ముఖం గట్లు తేలితే ఆ ముఖం వెంబడి కోయాలి. రెండూ తేలితే ఏది బలంగా ఉందో దాని వైపు మొగ్గాలి. విలువైన దుంగ కొసను ఇలా తుంచడానికి చాలామందికి చేతులు రావు. ఆరేటప్పుడు దుంగ కొసలు ఎలాగూ పగులుతాయి, ఆ జానెడు ఎలాగూ పోయేదే.

దుంగను చీల్చకుండానే గుర్తుపట్టడం ఇంకో విద్య. బెరడు ఒలిస్తే దాని కింది చెక్క మీద అడ్డ గట్లు వేలికి తగులుతాయి, బర్డ్స్ ఐ అయితే గుంటలు కనిపిస్తాయి. దుంగ కొసన వలయాలను ఎంత తేరిపార చూసినా ఈ సంగతి తెలియదు. అక్కడ నార కొసలే కనిపిస్తాయి, దాని వంపు కనిపించదు. మొదలు ఉబ్బిన చోట, కొమ్మ చీలిన చోట వచ్చే అలలతో జాగ్రత్తగా ఉండాలి. అవి బరువు ఒత్తిడికి ఆ కాస్త మేరకే పుట్టినవి, దుంగలో మూరెడు పైకి పోయేసరికి మాయమవుతాయి. మొదట్లో నాలుగు గట్లు చూసి దుంగ మొత్తానికి చారల ధర కట్టేవారు నష్టపోయేది ఇందుకే. ఇక రెండు కొమ్మలు విడిపోయే పంగ దగ్గర పుట్టే ఈక ఆకారపు అల్లిక పూర్తిగా వేరే కోత అడుగుతుంది. రెండు కొమ్మల నడుములూ ఒకే తలంలో పడేలా రంపం పెట్టాలి, లేకపోతే ఈక సగంలో తెగిపోతుంది.

ఈ చెక్క ధర ఏ స్థాయిదో చెప్పడానికి ఒక నేర వార్త చాలు. 2018 ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒలింపిక్ జాతీయ అడవిలో, దొంగతనంగా మేపుల్ కొడుతున్నవారు రాజేసిన నిప్పు 3,300 ఎకరాలను కాల్చింది. 2021లో విచారణకు వచ్చిన ఆ కేసులో, మిల్లుకు అమ్మిన చెక్కనూ అడవిలో మిగిలిన మొద్దులనూ చెట్టు డీఎన్ఏతో జతపరిచారు. అమెరికా ఫెడరల్ క్రిమినల్ విచారణలో చెట్టు డీఎన్ఏను సాక్ష్యంగా వాడటం అదే మొదటిసారి. లోపల అలలున్నాయో లేదో చూడటానికి బెరడు చెక్కి వదిలేసిన చెట్లు అలాంటి దొంగలు తిరిగిన అడవుల్లో కనిపిస్తుంటాయి.

ఇప్పుడు కర్లీ దుంగ దగ్గరకు తిరిగి వద్దాం, ఎందుకంటే ఎక్కువ చెక్క పాడయ్యేది అక్కడే. శుద్ధమైన క్వార్టర్ కోతకు దుంగను ముందు నాలుగు పాయలుగా చీల్చి, ఒక్కో పాయనూ ఒకసారి ఈ ముఖం, ఒకసారి ఆ ముఖం తిప్పుతూ కోస్తారు. పలకలు సన్నబడుతూ వస్తాయి, చివరకు మిగిలేవి ముక్కలు. వెడల్పుకూ హద్దు ఉంటుంది. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న దుంగలో నడుము నుంచి బెరడుకు 30 సెంటీమీటర్లు. నడిమి దవ్వనూ దాని చుట్టూ పగిలే స్వభావం ఉన్న లేత చెక్కనూ, అవతల బెరడునూ తీసేస్తే 25 మిగిలితే గొప్ప. వయొలిన్ వీపుకు అది ధారాళంగా చాలుతుంది. వయొలిన్ కంటే చాలా పెద్దదైన చెల్లో అనే వాద్యం వీపులో ఒక్కో సగమే 22 సెంటీమీటర్లు దాటుతుంది గనుక అదే దుంగ అక్కడ ఇరుకున పడుతుంది. వెడల్పాటి బల్ల పైభాగానికైతే చాలనే చాలదు.

ఇంత త్యాగం అవసరమా? ఇక్కడ కాస్త రేఖాగణితం పనికొస్తుంది. నార స్పర్శరేఖ దిశలో ఊగుతోందని అనుకుంటే, అది పలక ముఖంలోకి ఎంత వాలుగా దిగుతుందన్నది పలక శుద్ధ క్వార్టర్ నుంచి ఎంత పక్కకు తిరిగిందన్న కోణం కొసైన్‌ను బట్టి ఉంటుంది. 15 డిగ్రీలు పక్కకు జరిగితే ఆ వాలులో 97 శాతం మిగిలే ఉంటుంది. 30 డిగ్రీలకు 87, 45 డిగ్రీలకు 71. అంటే చక్కటి రిఫ్ట్ పలక క్వార్టర్ పలకకు చాలా దగ్గర్లోనే ఉంటుంది. 60 డిగ్రీలకు సగానికి పడిపోతుంది, అక్కడి నుంచి 90 దాకా ఉన్న చివరి ముప్పై డిగ్రీల్లో మిగతా సగమంతా కరిగిపోతుంది. చెట్టులో అలలు ఇంత శుభ్రంగా ఉండవు, అయినా మిల్లులో కంటికి కనిపించేది ఈ లెక్కనే బలపరుస్తుంది. వెడల్పాటి ఫ్లాట్ పలకను చూడండి: రెండు అంచుల దగ్గర వలయాలు నిటారు అవుతాయి గనుక అక్కడ చారలు చురుగ్గా ఉంటాయి, నడిమి పట్టీ చప్పగా ఉంటుంది.

దీన్నిబట్టి, వాద్యాలకు తప్ప మిగతా పనులకు నాలుగు పాయల కోత అతి ఖరీదైన ముచ్చట అనే చెప్పాలి. మధ్యేమార్గం ఒకటుంది. దుంగ పైనుంచీ కిందినుంచీ కొన్ని ఫ్లాట్ పలకలు తీసి, నడుమ మందపాటి దిమ్మను మిగుల్చుకోవాలి. ఆ దిమ్మను కోస్తే రెండు వైపులా క్వార్టర్, రిఫ్ట్ పలకలు వస్తాయి, నడిమి దవ్వ ఉన్న పట్టీని మాత్రం చీల్చి పారేయాలి. పైనా కిందా తీసిన దళసరి ఫ్లాట్ ముక్కల అంచులను విడిగా కోసుకుంటే వాటిలోనూ చారలు దొరుకుతాయి. మొదటి కోత పడి ముఖం తెరుచుకోగానే రంపం ఆపి, తడిగుడ్డతో తుడిచి, వెలుతురు పక్క నుంచి పడేలా చూసి, అవసరమైతే దుంగను తిప్పడం ఇందులో కీలకం. అలలు చెట్టుకు ఒక వైపే బలంగా ఉండటం మామూలే. మంచి ముఖాన్ని వదిలి, ముందే గీసుకున్న పథకం ప్రకారం కోసుకుంటూ పోయే మిల్లులో చారల దుంగ పెట్టకపోవడమే మంచిది.

దుంగ మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది. నడిమి దవ్వకు సమాంతరంగా కోయాలా, బెరడుకు సమాంతరంగానా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. నార బెరడు వెంబడి సాగుతుంది. బెరడుకు సమాంతరంగా కోస్తే నార పలక పొడవునా నిలుస్తుంది, చారలు రెండు కొసలా ఒకే బలంతో ఉంటాయి. దవ్వకు సమాంతరంగా కోస్తే నార ఏటవాలుగా ముఖంలోంచి బయటికి పారిపోతుంది, ఒక వైపు నుంచి చూస్తే చారలు గట్టిగా, ఇంకో వైపు నుంచి పలుచగా అనిపిస్తాయి. లావు తేడా అంతటినీ నడిమి పనికిరాని చెక్కలోకి నెట్టేయడమే తెలివి.

వయొలిన్ చెక్కకు కోతే వేరు. అక్కడ పలకలకు బదులు నడుము వైపు సన్నగా, బెరడు వైపు మందంగా ఉండే చీలికలు తీస్తారు. ప్రతి చీలికా నిక్కచ్చిగా క్వార్టరే. పక్కపక్క చీలికలను పుస్తకంలా తెరిచి, మందపాటి బెరడు అంచులను కలిపి అతికిస్తారు. వీపు నడుమ ఎత్తుగా వంపు తిరగాలి గనుక మందం కావలసింది అక్కడే. ఇలా తెరిచిన జతలో ఒక వింత ఉంది. ఎడమ సగంలో నార పైకి లేచే చోట కుడి సగంలో అది లోపలికి దిగుతుంది, ఎందుకంటే అవి ఒకే కోతకు చెందిన రెండు ఎదురు ముఖాలు. అతుకు దగ్గర లేత చారకు ఎదురుగా ముదురు చార వస్తుంది, తిప్పి చూస్తే అవి స్థానాలు మార్చుకుంటాయి. అది పనిలో దోషమని ఫిర్యాదు చేసే కొనుగోలుదారులు ఉంటారు. చెక్కను పుస్తకంలా తెరిచినంత కాలం దానికి మందు లేదు. పలకలను తెరవకుండా పక్కపక్కకు జరిపి అతికిస్తే వెలుతురు కుదురుతుంది గానీ అద్దంలో బింబంలా ఉండే పోలిక పోతుంది.

జత కుదరాలంటే రంపం మందమూ లెక్కలోకి వస్తుంది. పాత గుండ్రటి రంపం ఒక్కో కోతకు దాదాపు 6 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేస్తుంది, సన్నటి బ్యాండ్ రంపం 2, 3 మిల్లీమీటర్లతో సరిపెడుతుంది. కోతలో పోయిన ఆ మేర అల కాస్త మారిపోతుంది, అతుకు దగ్గర చారలు తప్పిపోతాయి. పలకలకు కోసిన వరసలో అంకెలు వేయడం, వాటిని ఆ వరసలోనే పేర్చడం మిల్లులోనే జరగాలి, అక్కడ తప్పితే తర్వాత ఎవరూ సరిదిద్దలేరు.

మేపుల్ విషయంలో కాలం కూడా శత్రువే. చాలా కలపల్లో నడిమి చేవకే విలువ. మేపుల్‌లో తలకిందులు, చేవ చుట్టూ ఉన్న తెల్లటి చెక్కే కావాలి. ఆ తెలుపు త్వరగా చెడుతుంది. ఎండాకాలంలో నరికిన దుంగ కొన్ని వారాలు పడి ఉంటే చెక్కలోకి బూడిద, నీలి మరకలు దిగుతాయి. చారల మెరుపు తెలుపు మీదే ఆధారపడి ఉంటుంది గనుక మరక పడ్డ చెక్కలో అల ఉన్నా కళ ఉండదు. చలికాలంలో నరకడం, కొసలకు మైనపు పూత వేయడం, వెంటనే కోయడం, కోసిన రోజే పలకల మధ్య పూర్తిగా ఎండిన సన్న కర్రలు పెట్టి గాలి ఆడేలా పేర్చడం అవసరం. పచ్చి కర్రలు పెడితే వాటి గుర్తులు పలకల మీద అడ్డంగా అచ్చుపడి, చిత్రిక పట్టినా పోవు. అసలు చారల మధ్య ఆ నకిలీ చారలు చూడటం ఎవరికైనా బాధే.

కోత రకాన్ని బట్టి ఆరేటప్పుడు ముడుచుకునే తీరూ మారుతుంది. పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండే సరికి షుగర్ మేపుల్ వ్యాసార్ధ దిశలో 4.8 శాతం, స్పర్శరేఖ దిశలో 9.9 శాతం కుంచించుకుపోతుంది. బిగ్‌లీఫ్‌కు ఆ అంకెలు 3.7, 7.1. క్వార్టర్ పలక వెడల్పు మొదటి అంకె ప్రకారం తగ్గుతుంది, ఫ్లాట్ పలకది రెండో దాని ప్రకారం. 25 సెంటీమీటర్ల క్విల్ట్ పలక పూర్తిగా ఎండితే దాదాపు 1.8 సెంటీమీటర్ల వెడల్పు కోల్పోతుంది, పైగా అంచులు బెరడు వైపుకు లేచి దోనెలా వంగుతుంది. క్విల్ట్ కోసేవారు వెడల్పులోనూ మందంలోనూ ముందే కొంత వదులుకోవాలి. 20 మిల్లీమీటర్ల తుది మందం కావాలంటే 28 నుంచి 30 దాకా పచ్చిగా కోయడం దుబారా అనిపించుకోదు.

ఆ అదనపు మందం ఇంకో పనికీ వస్తుంది. అలల చెక్కను చిత్రిక పట్టేటప్పుడు బ్లేడు సగం దూరం నారకు అనుకూలంగా, సగం దూరం ఎదురుగా నడుస్తుంది. ఎదురైన ప్రతి చోటా పెచ్చులు లేస్తాయి. ఏ దిశలో తోసినా గత్యంతరం లేదు. మామూలు 45 డిగ్రీల కోణానికి బదులు 55, 60 డిగ్రీల నిటారు కోణంలో బ్లేడు అమర్చడం, చివరి పొరలను స్క్రేపర్‌తో గీకడం, యంత్రమైతే చిన్న చిన్న బ్లేడులు సర్పిలాకారంలో అమర్చిన దాన్ని వాడటం, లేదా నేరుగా సానపట్టే యంత్రంలోకి పంపడం దారులు. చారలు ఎంత బలమైతే పెచ్చులూ అంత లోతు. మందం సరిపోకపోతే ఆ గుంటలు పోకముందే పలక పలుచబడిపోతుంది.

ఇన్ని తంటాలు పడ్డ చారలకు అధికారిక కొలమానం లేకపోవడం ఈ వ్యాపారంలో విచిత్రమైన విషయం. అమెరికాలో గట్టి కలపకు శ్రేణులు నిర్ణయించే నేషనల్ హార్డ్‌వుడ్ లంబర్ అసోసియేషన్ 1898 నుంచి ఉంది. దాని ఎగువ శ్రేణి పలకలో ముడులూ పగుళ్లూ లేని చెక్క ఎంత ఉండాలో చెబుతుంది, ఆ నిష్పత్తి 83 శాతం పైచిలుకు. చారలు ఎన్ని ఉన్నాయో, ఎంత లోతో ఆ శ్రేణి చెప్పదు. అమ్మకందార్లు వేసే AAA, AAAAA వంటి గుర్తులు వాళ్లు సొంతంగా ఇచ్చుకున్న మార్కులే. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటార్లలో మేపుల్ పైపలక 1952 నుంచే ఉంది, కానీ తొలి ఏళ్లలో బంగారు రంగు దాన్ని కప్పేసింది. 1958లో చెక్క కనిపించే సన్‌బర్స్ట్ రంగు వచ్చాక పైపలకల్లోని తేడాలు బయటపడ్డాయి. 1960 దాకా వచ్చిన వాటిలో కొన్ని దాదాపు సాదాగా ఉన్నాయి, కొన్ని నిప్పు జ్వాలల్లా ఉన్నాయి. ఇప్పుడు వాటి ధరల్లో ఉన్న అంతరానికి ఆ చారలూ ఒక కారణం.

ఫొటో చూసి పలక కొనేవారు ఒక జాగ్రత్త తీసుకోవచ్చు. చెక్క తడిపి, ఒక పక్క నుంచి దీపం పెట్టి తీసిన ఫొటోలో సాధారణ చార కూడా అద్భుతంగా ఉంటుంది. అదే పలకను కొస మార్చి పెట్టి, దీపం కదపకుండా తీసిన రెండో ఫొటోనూ, వలయాలు కనిపించేలా పలక చివర తీసిన మూడో ఫొటోనూ అడగాలి. రెండు ఫొటోల్లోనూ చారల బలం ఒకేలా ఉంటే నార ముఖానికి సమాంతరంగా సాగిందని అర్థం. ఒకదానిలో గట్టిగా, ఇంకోదానిలో పేలవంగా ఉంటే కోత ఏటవాలుగా పోయింది, ఆ పలక గోడకు ఒకే వైపు నుంచి చూసే చోట పనికొస్తుంది గానీ చేతిలో తిప్పి చూసే వాద్యానికి పనికిరాదు.